మాగిన పండు వాసన

ఎండాకాలం వచ్చిందంటే మా ఇంట్లో మనుషులకు చోటుండేది కాదు. ఉన్నదే ఒక గది, దాని వెనక ఇంత వంటిల్లు. ఆ గదిలో సగం మామిడికాయలే. నా మొగుడు చెన్నరాయప్ప శ్రీనివాసపురం తోటల నుంచి కాయలు తెచ్చి, వరిగడ్డిలో మాగేసి, కన్నడ సీమలో మేముండే కాడుగోడి రైల్వే స్టేషన్ బయట తోపుడు బండి మీద అమ్మేవాడు. మంచం కింద కాయలు, మూలన కాయలు, ట్రంకు పెట్టె పక్కన కాయలు. కొత్తగా వచ్చినవాళ్లు గడప దాటగానే ముక్కు ఎగబీల్చి "ఏం వాసన, ఏం వాసన" అనేవాళ్లు. మాకు మాత్రం వాసన ఉన్నట్టే తెలిసేది కాదు.

ఆ కాయల మధ్యనే, చాప మీద, షుగర్ జబ్బున్న పదమూడేళ్ల పిల్ల పడుకునేది. సహన, నా కూతురు. ఒక్కతే బిడ్డ. నేను చెప్పేది రెండువేల మూడో సంవత్సరం మామిడి కాలం గురించి.

సహనకు పదకొండో ఏట వచ్చింది షుగర్. ఇది పెద్దవాళ్లకు వచ్చేది కాదమ్మా, మాత్రలతో పోదు, బతికినన్నాళ్లూ పొద్దునొకటి, సాయంత్రమొకటి సూది వేసుకోవాలి అని డాక్టరు చెప్పినప్పుడు మా అత్త పిల్లమ్మ ఆస్పత్రి వరండాలోనే కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు. నేర్చుకున్నాను. సిటీలోని పెద్దాసుపత్రిలో ప్రతి నెలా మొదటి శనివారం షుగర్ పిల్లలకని విడిగా క్లినిక్ ఉండేది. మందు సీసాలూ సిరంజీలూ ఊరికే ఇచ్చేవాళ్లు. అక్కడి సిస్టర్ తల్లులందరినీ బెంచీల మీద కూర్చోబెట్టి, ముందు మంచినీళ్లతో సూది పట్టడం నేర్పింది. మా పిల్లకు పొద్దున ఇరవై గీత, సాయంత్రం పది గీత. బుడగ ఉండకూడదు, గీత దాటకూడదు, గీతకు తగ్గకూడదు. నేను చదివింది ఏడో తరగతి, కానీ నా చెయ్యి వణకదు. "నంజమ్మను చూసి నేర్చుకోండి" అని సిస్టర్ ఒకసారి అందరి ముందూ అంది. ఆ మాటను రెండేళ్లు నెత్తిన పెట్టుకుని తిరిగాను. నా కొంప ముంచింది ఆ మాటే.

ఆస్పత్రి సిరంజీలు నెలకు నాలుగు. ఒక్కోటి వారం పాటు వాడాలి. నాలుగో రోజుకల్లా సూది మొద్దుబారేది. సహన పళ్లు బిగించి, కళ్లు మూసుకుని, నా చీర కొంగు గుప్పిట్లో పట్టుకునేది. ఏడిచేది కాదు. నా కొంగు మాత్రం ఒకచోట ఎప్పుడూ నలిగి ఉండేది.

నేను బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక ఫ్లాట్‌లో వంట చేసేదాన్ని. ఇంటావిడ కిరణ్మయి, గుంటూరు మనిషి, కంప్యూటర్ ఉద్యోగం. భర్త ఓంకార్‌దీ అదే ఉద్యోగం. ఏప్రిల్ నడుమ ఒక రోజు నేను చపాతీలు కాలుస్తుంటే ఆమె ఒక అట్టపెట్టె పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నంజమ్మా, మీ పాప ఇన్సులిన్ తీసుకుంటుంది కదా? ఓంకార్ ఆఫీస్ ట్రిప్‌కి వెళ్లినప్పుడు ఫారిన్ నుంచి మా అమ్మ కోసం తెచ్చాడు ఇవి. అమ్మకేమో డాక్టర్ ఇప్పుడు ఇన్సులిన్ పెన్ ఇచ్చాడు, ఇవి వేస్ట్‌గా పడున్నాయి. నీడిల్ చాలా థిన్, అస్సలు పెయిన్ ఉండదట. తీసుకెళ్లండి."

"అన్నీనా మేడమ్?"

"అన్నీ. హండ్రెడ్ ఉంటాయి. రోజుకొక కొత్తది వాడండి, పాపం చిన్నపిల్ల."

నిజం చెప్పాలంటే ఆమె మంచిది. నా బిడ్డకు నొప్పి పుడుతుందని నా అన్నదమ్ములకు తట్టలేదు, ఆమెకు తట్టింది. ఆ పెట్టెను పెండ్లి చీర పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఒక సిరంజి తీసి చూశాను. మావి ఎర్ర మూతవి. దీనిది నారింజ రంగు మూత. ఫారిన్ సరుకు, రంగు వేరేగా ఉంటుందిలే అనుకున్నాను. మాది నలభైతో అయిపోతుంది, దీని మీద అంకెలు నూరు దాకా ఉన్నాయి. అక్కడివాళ్లు పెద్ద ఒళ్ల మనుషులు, ఎక్కువ మందు పడుతుందేమో అనుకున్నాను. పది, ఇరవై, ముప్పై వరసగా ఉన్నాయి. అంకెలు ఏ దేశంలోనైనా అంకెలే కదా. ఇరవై గీత దాకా మందు పట్టి, బుడగ పోగొట్టి, సహన తొడకు వేశాను.

సహన కళ్లు మూసుకునే ఉంది. నా కొంగు గుప్పిట్లో ఉంది.

"వెయ్యి మా," అంది.

"అయిపాయ."

కళ్లు తెరిచి తొడ చూసుకుంది. "అబద్ధం. అయిపాయనా? నాకు తెల్లేనే లేదే." తర్వాత నవ్వింది. సూది వేసుకుని నా బిడ్డ నవ్వడం రెండేళ్లలో అదే మొదలు. "ఆ మేడమ్‌కు నేను దండం పెట్టినానని చెప్పు మా," అంది.

మేడమ్‌కు చెప్పాను కూడా.

రెండో వారానికి ఇటుక రంగు మొదలైంది.

ఈ ఇటుక రంగు సంగతి చెప్పాలి. రక్తం పరీక్షలు ఇంట్లో చేసే తాహతు మాకు లేదు. ఆస్పత్రివాళ్లు ఒక నీలం మందు సీసా, గాజు గొట్టం ఇచ్చేవాళ్లు. పొద్దున్నే పిల్ల చిన్న గిన్నెలో ఒంటేలు పట్టి తెస్తే, ఎనిమిది చుక్కలు ఆ నీలం మందులో వేసి స్టవ్ మీద కాచాలి. రంగు మారకుండా నీలంగానే ఉంటే బంగారం. ఆకుపచ్చయితే పర్వాలేదు. పసుపయితే జాగ్రత్త పడాలి. ఇటుక రంగు తేలిందంటే ఒంట్లో చక్కెర నిండిపోయినట్టు. ఏ రోజు ఏ రంగో సహనే నోటుబుక్కులో రాసుకునేది. గుండ్రటి అక్షరాలు దానివి.

"ఏం తింటివే?" అన్నాను మొదటి రోజు, మామూలుగానే.

"ఏమీ తిన్లేదు మా. రాత్రి నువ్వు పెట్టిన ముద్దే."

రెండో రోజూ ఇటుకే, మూడో రోజూ ఇటుకే. పిల్ల చెంబులు చెంబులు నీళ్లు తాగుతోంది. మాటిమాటికీ బయటికి పోతోంది. లంగా నడుము దగ్గర నిలవక పిన్నీసు పెట్టుకుంటోంది. ఇవన్నీ షుగర్ ఎక్కువైనప్పుడు జరిగేవే అని నాకు తెలుసు. షుగర్ ఎందుకు ఎక్కువవుతుంది? చాటుగా తింటే ఎక్కువవుతుంది. సూదిలో తప్పుందేమో అన్న అనుమానమే నాకు రాలేదు. సూది వేసేది నేను. నన్ను చూసి నేర్చుకొమ్మని సిస్టరే చెప్పింది.

ఇంకొకటి కూడా జరిగింది. పదమూడు రోజులకు అయిపోవలసిన మందు సీసా నెల నిండినా అయిపోలేదు. ఫారిన్ సిరంజిలో ఒక్క చుక్క కారిపోదు, అందుకే కలిసొస్తోంది అనుకుని నా పొదుపుకు నేనే మురిసిపోయాను. ఇంట్లో మందు ఉంది కాబట్టి మే నెల మొదటి శనివారం క్లినిక్‌కు పోవలసిన పని కూడా పడలేదు. పోదామన్నా, ఇటుక రంగు నిండిన నోటుబుక్కు పట్టుకుని ఏ మొహంతో పోను? అక్కడ తల్లులందరి ముందూ నోటుబుక్కులు తిరగేసేవాళ్లు. "ఈ నెల నీలం రానీ, వచ్చే నెల పోదాం" అన్నాను. నా పరువు నాకు ముఖ్యం.

అత్త వక్కాకు డబ్బీలోంచి సున్నం తీసుకుని, మాగేసిన ప్రతి కాయకూ తొడిమ దగ్గర ఒక బొట్టు పెట్టాను. పండు ముట్టుకుంటే వేలికి సున్నం అంటాలి, వరస చెదిరితే నాకు తెలియాలి. చెన్నరాయప్ప చూసి నవ్వాడు.

"ఏమే, కాయలకు బొట్లు పెడతా ఉండావు. పెండ్లి చేస్తావా?"

"నీ కూతురు ఉండాది కదా పెండ్లికూతురు. దొంగతనంగా తింటా ఉండాది."

"చూసినావా?"

"చూడాల్నా? పొద్దున్నే గాజు గొట్టం చెప్తా ఉండాది కదా."

అతను నవ్వడం మానేశాడు. కూతురిని పిలిచి "తినొద్దు నాయినా, నీ కోసరమే" అని తల నిమిరాడు. అతనూ నమ్మాడన్నమాట. సహన తండ్రి వైపు చూసి, నా వైపు చూసింది.

మూడో రోజు స్నానాల బండ వెనక టెంక దొరికింది. పీచు తెల్లబడేదాకా చీకి పారేసిన టెంక. దాన్ని తెచ్చి గది నడుమ పడేశాను. అత్త గోడకు ఆనుకుని వక్క కొరుక్కుంటోంది. సహన బడి పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది.

"ఇది ఎవురిది?"

సహన లంగా అంచుతో మూతి తుడుచుకుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. నాకు అంతే చాలు. సంగటి కెలికే కట్టె చేతికి దొరికింది. ఎన్ని దెబ్బలు వేశానో నాకు గుర్తు లేదు, కాలి పిక్క మీద వేసినవి మాత్రం చారలుగా నిలిచిపోయాయి.

"దేవుని మింద ఒట్టు మా. నేను తిన్లేదు మా. తిన్నింటే చెప్తాను కదా మా."

"పోనీలే నంజీ, పసిబిడ్డ," అంది అత్త. అని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నువ్వు నోరు ముయ్యత్తా. నీ గారాబంతోనే అది ఇట్లయింది."

ఆ రోజు నుంచి కొత్త పద్ధతి పెట్టాను. పిల్ల బయటినుంచి వచ్చినా, నేను పని నుంచి వచ్చినా, సూది వేసే ముందయినా, "చేతులు చూపించు" అనేదాన్ని. సహన రెండు చేతులూ చాచేది. నేను వాసన చూసేదాన్ని. వాసన వచ్చిన రోజు తన్నులు, రాని రోజు మాటలు. ఆ ఇంట్లో గోడలకు వాసన, దుప్పట్లకు వాసన, నా చీరలకు వాసన. ఆ చేతులకు మాత్రం ఎందుకు రాకూడదో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. కోపం వచ్చినప్పుడు నా బుద్ధి ఏ గట్టు మీద మేస్తుందో నాకే తెలియదు.

మే చివరి వారంలో గొట్టంలో రంగు మారింది. ఒక రోజు పసుపు, ఒక రోజు ఆకుపచ్చ, తర్వాత నీలం. రోజూ నీలం. నేను పొంగిపోయాను. దెబ్బకు దెయ్యం కూడా వదులుతుందని పెద్దలు ఊరికే అన్నారా అని మొగుడితో అన్నాను. వీధిలో ఇద్దరు ఆడవాళ్లకు కూడా చెప్పాను, పిల్లలను ఎలా దారికి తేవాలో.

"చూసినావా పాపా, నోరు కట్టుకుంటే ఎంత బాగుండాదో," అన్నాను సహనతో.

"ఊ," అంది. నోటుబుక్కులో 'నీలం' అని రాసుకుంది. చిక్కిపోయిన వేళ్లలో పెన్సిలు నిలవడం లేదని చూశాను. ఎండలకు చిక్కింది అనుకున్నాను.

జూన్ మొదటి శనివారం నీలం రంగు నోటుబుక్కు పట్టుకుని తలెత్తుకుని క్లినిక్‌కు పోదామనుకున్నాను. ఆ శనివారానికి మూడు రోజుల ముందు, బుధవారం పొద్దున, సహన లేవలేదు. రెండుసార్లు వాంతి చేసుకుంది. కడుపు నొప్పి అంది. బడి తెరిచిన వారం, పోవడానికి బద్ధకమని అనుకున్నాను. లేపుదామని చాప మీద వంగాను.

నోట్లోంచి గుప్పున కొట్టింది వాసన. మాగి మాగి, ఇంకొక పూట ఉంటే కుళ్లిపోయే పండు ఉంటుందే, ఆ వాసన. చేతులకు కాదు, బట్టలకు కాదు, లోపలినుంచి, ఊపిరిలోనే వస్తోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పది రోజులుగా నన్ను మోసం చేసి, మళ్లీ కడుపు నిండా తిని, అరగక వాంతులు చేసుకుంటోంది అనుకున్నాను. చెంప మీద కొట్టాను.

"నోరంతా పండు వాసన కొడతా ఉండాది. ఇంకా తిన్లేదంటావా?"

సహన నా వైపు చూసింది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"తిన్న్యాను మా," అంది. "తిన్న్యానులే. నీళ్లియ్యి."

అబద్ధమాడితే తప్ప నీళ్లు రావని ఆ పిల్లకు తెలుసు. నేను దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాను. "ఆ మాట ముందే చెప్పింటే ఇన్ని తన్నులు ఉండేవి కాదు కదా," అని చెంబు అందించాను. సూది మాత్రం మానలేదు. ఇరవై గీత, ఒక్క బుడగ లేకుండా. నేను పద్ధతి గల దాన్ని. "ఈ పూట ఏమీ పెట్టొద్దత్తా, కడుపు మాడితే అదే సర్దుకుంటాది" అని చెప్పి బ్రూక్‌ఫీల్డ్ పోయాను. ఆ రోజు మేడమ్ ఇంటికి చుట్టాలు వస్తున్నారు. పులిహోర, గుత్తివంకాయ, సేమియా పాయసం చేసి, గిన్నెలు తోమి మూడు గంటలకు ఇంటికి వచ్చాను.

అత్త గడపలో నిలబడి ఏడుస్తోంది. "పొద్దట్నుంచి పిలస్తా ఉండాను, పలకదు నంజీ. ఊపిరి చూడు ఎట్ల తీస్తా ఉండాదో."

సహన కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పరుగెత్తి వచ్చినదానిలా రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. గది నిండా అదే వాసన. నేను స్టేషన్ దగ్గరికి చెప్పులు లేకుండా పరుగెత్తాను. చెన్నరాయప్ప బండిని, పండ్లను అక్కడికక్కడే వదిలేసి ఆటో పిలుచుకొచ్చాడు. కాడుగోడి నుంచి పెద్దాసుపత్రి దాకా ఆటోలో పిల్ల తల నా ఒడిలోనే ఉంది. అంత దూరమూ నేను ఆ వాసన పీలుస్తూనే పోయాను.

డాక్టరు చిన్నవాడు. పిల్ల మీదికి వంగగానే ముఖం తిప్పి నర్సును పిలిచాడు. సెలైన్లు, సూదులు, ఆక్సిజన్. నేను అతని వెనకే తిరుగుతూ, "పండు తినేసింది సార్, మామిడిపండు, దొంగతనంగా తినేసింది, చూడండి నోట్లో వాసన" అని చెబుతూనే ఉన్నాను. మూడోసారి అన్నప్పుడు అతను ఆగాడు.

"ఇది పండు వాసన కాదమ్మా," అన్నాడు. కన్నడంలో, మెల్లగా. "ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో విషం పుడుతుంది. ఆ విషం వాసన ఇది."

"సూది రోజూ వేస్తున్నాను సార్. ఒక్క రోజు కూడా తప్పలేదు."

అతను మళ్లీ పిల్ల దగ్గరికి పోయాడు.

మరుసటి రోజు పొద్దున క్లినిక్ సిస్టర్ వార్డుకు వచ్చింది. సహన ఇంకా కళ్లు తెరవలేదు. సిస్టర్ కేస్ షీటు చదివి, నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఎట్ల వేస్తున్నావు నంజమ్మా, ఒకసారి నాకు చూపించు."

గుడ్డ సంచిలోంచి మందు సీసా, సిరంజి తీశాను. ఆ సమయంలో కూడా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు కొంచెం గర్వంగానే ఉంది. సిస్టర్ సిరంజి తీసుకుంది. నారింజ రంగు మూత చూసింది. చాలాసేపు చూసింది. తిట్టలేదు. లేచి పోయి ఒక ఎర్ర మూత సిరంజి, రెండు చిన్న మందు గిన్నెలు తెచ్చి మంచం పక్కన బల్ల మీద పెట్టింది. ఎర్ర దానిలో ఇరవై గీత దాకా నీళ్లు పట్టి ఒక గిన్నెలో వదిలింది. నా దానిలో ఇరవై గీత దాకా పట్టి రెండో గిన్నెలో వదిలింది.

మొదటి గిన్నె అడుగు మునిగింది. రెండో దానిలో మొదటి దానికి సగం నీళ్లు కూడా లేవు.

"రెండూ ఇరవయ్యే," అంది సిస్టర్. "మనకిచ్చే మందు పల్చన. వాళ్ల మందు చిక్కన, అందుకే వాళ్ల సిరంజిలో గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి. వాళ్ల సిరంజి వాళ్ల మందుకు, మన సిరంజి మన మందుకు. ఎన్ని రోజులైంది?"

"ఏడు వారాలు."

సిస్టర్ రెండు గిన్నెల నీళ్లూ సింకులో పారబోసింది. నేను ఆ గిన్నెల వైపే చూస్తూ కూర్చున్నాను. ఏడు వారాలు నా బిడ్డకు నేను అరకొర మందు వేసి, మిగతా సగానికీ దాన్నే కొట్టాను.

"ఇంకొకటి అర్థం కాలేదు," అంది సిస్టర్, నోటుబుక్కు తిప్పుతూ. "ఇంత తక్కువ మందుతో చివరి పది రోజులు నీలం ఎట్ల వచ్చింది?"



మూడో రోజు సహన కళ్లు తెరిచింది. నేను చెంబులో నీళ్లు తేవడానికి పోయి వచ్చేసరికి సిస్టర్ మంచం మీద కూర్చుని దాన్ని అదే అడుగుతోంది. నేను తెర ఇవతలే ఆగాను.

"నీళ్లు కలిపినాను సిస్టర్," అంది సహన. "స్నానాల బండ దగ్గర, ఒంటేలు గిన్నెలోకి. నిండా నీళ్లే పోసి నాలుగు చుక్కలు ఒంటేలు వేస్తే నీలమే వస్తాది."

"ఎందుకు కలిపినావు బంగారూ? తప్పు కదా?"

"అమ్మ కొట్టకుండా."

సిస్టర్ తెర వైపు చూసింది. నేను చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. లోపలికి పోయి చెంబు అందించాను. సహన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, "మా, నేను తిన్లేదు" అంది. అంతే. నేను "తెలుసు పాపా" అన్నాను. అది వినాల్సిన రోజులు అప్పటికే అయిపోయాయి.

ఆ సాయంత్రం వరండాలో అత్త నా పక్కన వచ్చి కూర్చుంది. సిరంజి సంగతి చెన్నరాయప్ప ఆమెకు చెప్పినట్టున్నాడు. వక్కాకు డబ్బీ తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"ఆ టెంక నాది నంజీ."

నేను తల తిప్పలేదు.

"పళ్లూడిన నోరు కదా, మెత్తగా ఉండాదని ఒకటి తింటి. ఒకటే. ముసల్దానికి ఏం ఆశ అని నువ్వు అంటావని, బండ వెనక్కి పారేస్తి."

"బిడ్డను కొడతా ఉంటే చూస్తా కూర్చుంటివే అత్తా."

"చూస్తా కూర్చుంటి," అంది. "నీ నోటికి భయపడితిని."

ఇంకెప్పుడైనా అయితే ఆమెను ఆ వరండాలోనే ఉతికి ఆరేసేదాన్ని. తిన్న ముసలిదీ నాకే భయపడింది, తినని చిన్నదీ నాకే భయపడింది. నా ఇంట్లో నాకు భయపడనిది ఆ నారింజ మూత సిరంజి ఒక్కటే.

సోమవారం బ్రూక్‌ఫీల్డ్ పోయి మేడమ్‌కు చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. కుర్చీలో కూర్చుండిపోయింది.

"అయ్యో, నాకు నిజంగా తెలీదు నంజమ్మా. ఐ యామ్ సో సారీ. ఇప్పుడు పాప ఓకేనా?"

"బాగుండాది మేడమ్."

గ్లాసు అటూ ఇటూ జరుపుతూ అడిగింది. "హాస్పిటల్లో... అవి ఎవరిచ్చారని ఏమైనా అడిగారా?"

"అడగలేదు మేడమ్."

ఆమె ఊపిరి వదలడం నాకు వినబడింది. కోపం రావలసింది నాకు. రాలేదు. పిల్ల పిక్క మీద ఆ చారలేమిటని డాక్టరు ఎక్కడ అడుగుతాడోనని ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ దుప్పటి కిందికి లాగి కప్పుతూ కూర్చున్నది నేనే. మిగిలిన సిరంజీల పెట్టె ఆమె బల్ల మీదే పెట్టి వచ్చాను.

పన్నెండో రోజు సహనను ఇంటికి పంపారు. మేము పోయేసరికి చెన్నరాయప్ప గదిని ఖాళీ చేసి ఉన్నాడు. కాయలు లేవు, గడ్డి లేదు. నేలంతా కడిగి ఫినాయిల్ పోశాడు. ఇక మీదట బండి దగ్గరే మాగేసుకుంటానన్నాడు. ఇంత కడిగినా మూలల్లో ఆ వాసన ఉండనే ఉంది. అది అప్పుడు నాకు మొదటిసారి తెలిసింది.

సాయంత్రం సూది వేళయింది. మందు చల్లగా ఉండాలని పెట్టుకున్న నీళ్ల కుండలోంచి సీసా తీశాను. ఎర్ర మూత సిరంజి తీశాను. పది గీత దాకా మందు పట్టి, ఒకటికి రెండుసార్లు వెలుతురుకు పెట్టి చూసుకున్నాను.

"రా పాపా, సూది."

సహన వచ్చి పీట మీద కూర్చుంది. ఎప్పటిలా లంగా తొడ మీదికి జరుపుకోలేదు, నా కొంగు పట్టుకోలేదు. ముందు రెండు చేతులూ చాచి నా ముఖం దగ్గర పెట్టింది. నేను అడగలేదు. దేవుని మీద ఒట్టు, నేను చేతులు చూపించమని అడగలేదు.

ఆ చేతులు పట్టుకుని కళ్లకద్దుకోవాలి. ఏ తల్లయినా అదే చేస్తుంది. అబద్ధం చెప్పను, నా ముక్కు ముందుకు పోయింది. నెల రోజుల అలవాటు. వాసన చూశాక గాని నేను ఏం చేశానో నాకు తెలియలేదు. చేతులకు ఆస్పత్రి స్పిరిట్ వాసన వస్తోంది.

"లేదు కదా మా?" అంది సహన.

"లేదు పాపా," అన్నాను.

అప్పుడు గాని ఆ పిల్ల చేతులు దించలేదు.